ఎర్ర కారు తెచ్చిన పిల్లలకు

విజయవాడ



పోయిన ఆదివారం మీరు నలుగురూ ఆ పాత ఎర్ర ఎస్టీమ్ కారు మా ఇంటి ముందు ఆపి, బానెట్ ఎత్తి, సంచిలోంచి స్ప్రే డబ్బాలు తీసి అరుగు మీద వరసగా పేర్చారు. ఆరు డబ్బాలు. నాలుగు ఎరుపు, ఒకటి నలుపు, ఒకటి వెండి రంగు. "తాతయ్యా, పైన ఎలా ఉందో లోపలా అలాగే ఉండాలి. టాపెట్ కవరు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, బ్యాటరీ పట్టీ, పైపులు, అన్నీ ఎర్రగా కొట్టేద్దాం" అంది మా మనవరాలు. నేను ఆగమన్నాను. ఎందుకు ఆగమన్నానో చెప్పబోయేసరికి దగ్గు అందుకుంది. ఈ మధ్య పది మాటలు వరసగా మాట్లాడితే ఊపిరి అందడం లేదు. మీరు మంచినీళ్లు ఇచ్చి, కాసేపు కూర్చుని, మొహాలు చిన్నబుచ్చుకుని వెళ్లిపోయారు. తాతకి ఇష్టం లేదనుకుని ఉంటారు.

ఇష్టం లేక కాదు. మాటల్లో చెప్పలేకపోయింది రాసి చెబుదామని కూర్చున్నాను. మీ నలుగురికే కాదు, పాత కారు కొనుక్కుని దాని లోపలి అందం కూడా చూసుకోవాలనుకునే ప్రతి పిల్లకీ, పిల్లవాడికీ ఇది రాస్తున్నాను.

నలభై ఒక్క ఏళ్లు ఆటోనగర్‌లో స్ప్రే గన్ను పట్టాను. మొదట్లో అందరం డ్యూకో అనేవాళ్లం. అమెరికాలో 1920ల్లో కార్ల కోసం వచ్చిన నైట్రో సెల్యులోజ్ రంగు పేరు అది. ఆ కంపెనీ డబ్బా చూడకపోయినా, కారుకి గన్నుతో వేసే ఏ రంగునైనా మా షెడ్లలో అదే పేరుతో పిలిచాం. తర్వాత పీయూ (పాలీయురిథేన్) రంగులు వచ్చాయి, కంప్యూటర్‌తో రంగు కలిపే దుకాణాలు వచ్చాయి. లారీలు, బస్సులు, అంబాసిడర్లు, ఫియట్లు, మారుతీలు ఎన్ని నా చేతి కింద నుంచి వెళ్లాయో లెక్క లేదు. అన్నేళ్లలో బానెట్ లోపల కూడా రంగు బాగుండాలని అడిగిన వాళ్లు ఇరవై మంది ఉంటారేమో. అందుకే మీరు అడిగినప్పుడు నాకు లోపల ఎంత సంతోషం కలిగిందో మీకు తెలియదు.

ఆ కోరిక మీతో పుట్టింది కాదు. ఫెరారీ వాళ్ల పందెం కారు ఒకటి ఉంది, 1957 నాటి 250 టెస్టా రోస్సా. ఇటలీ మాటలో దాని అర్థం ఎర్ర తల. ఇంజను తల మీది కవర్లకు ఎర్ర రంగు వేశారు, ఆ రంగే కారుకు పేరైంది. ఆ ఎర్ర తలల కార్లు 1958, 1960, 1961ల్లో లే మాన్ పందెం గెలిచాయి. అమెరికాలో షెవర్లే ఇంజన్లు నారింజ రంగులో, ఫోర్డు ఇంజన్లు నీలంలో ఉండేవి. బానెట్ ఎత్తగానే ఎవరి ఇంజనో తెలిసిపోయేది. హోండా వాళ్లు టైప్ ఆర్ కార్లకు ఎర్ర కవరు పెట్టారు. కాబట్టి లోపల రంగు వేయాలనుకోవడం పిల్లచేష్ట అని ఎవరైనా అంటే నమ్మకండి.

అయినా ఆగమన్నాను. ఎందుకో చెప్పాలంటే, నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. ఇది మా మనవరాలికి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

అప్పుడు నాకు ముప్పై రెండేళ్లు. పాత కార్లు కొని అమ్మే ఒకాయన అంబాసిడర్ తెచ్చాడు. ఇంజను బ్లాకు పక్కన ఉండే టాపెట్ సైడు కవర్ల దగ్గర ఆయిల్ కారి, కింద దాకా జిడ్డు పేరుకుని, దాని మీద దుమ్ము పడి నల్ల తారులా ఉంది. "రిపేరు అక్కర్లేదు, కడిగి వెండి రంగు కొట్టు, తళతళలాడాలి" అన్నాడు. కొట్టాను. రెండు గంటల పని. బ్లాకు, కవర్లు, గొట్టాలు, నట్లు, చివరికి ఆయిల్ చూసే గేజి పుల్ల పిడి కూడా వెండి రంగే. బానెట్ ఎత్తితే పెళ్లింట్లో స్టీలు బిందెలా మెరిసింది. నాకు కూలి కంటే నాలుగు రాళ్లు ఎక్కువే ముట్టాయి.

ఆ కారు ఒక బడి మేష్టారు కొన్నారు. ఎండాకాలం సెలవుల్లో భార్యనీ, ఇద్దరు పిల్లల్నీ, ముసలి తల్లినీ ఎక్కించుకుని తిరుపతి బయల్దేరారు. ఒంగోలు దాటాక ఇంజను పట్టేసింది. దారంతా చుక్క చుక్కగా ఆయిల్ పోయింది, బేరింగులు ఎండిపోయాయి. చెట్టు నీడ లేని రోడ్డు పక్కన మిట్టమధ్యాహ్నం ఆ కుటుంబం నిలబడింది. పది రోజుల తర్వాత మేష్టారు వెతుక్కుంటూ నా షెడ్డుకు వచ్చారు. ఆయన అరవలేదు. మెకానిక్ దగ్గర విప్పి పడేసి ఉన్న ఇంజను దగ్గరికి నన్ను తీసుకెళ్లి, బొటనవేలి గోటితో కవరు మీద గీకారు. వెండి పెచ్చు అప్పడంలా లేచి వచ్చింది. కింద నల్ల జిడ్డు, ఇంకా తడిగానే ఉంది. "ఇది మీకు కనిపించలేదా?" అని అడిగారు.

కనిపించింది. కనిపించింది కాబట్టే కప్పాను. ఆ మాట ఆయనతో అనడానికి నాకు నోరు రాలేదు. ఆయన వద్దంటున్నా ఇంజను పనికైన ఖర్చులో సగం వాయిదాల మీద ఇచ్చాను. ఇచ్చినంత మాత్రాన ఆ పెచ్చు నా కళ్ల ముందు నుంచి పోలేదు.

పిల్లలూ, నేను మీకు చెప్పదలుచుకున్నది ఇదే. బానెట్ కింద రంగు కప్పడానికి వేయకండి, కనిపించడానికి వేయండి. శుభ్రంగా, నిగనిగలాడేలా వేసిన ఎర్ర కవరు మీద రేపు ఒక ఆయిల్ చుక్క కారితే, పొద్దున బానెట్ ఎత్తగానే మీకు తెలియాలి. అప్పుడు ఆ రంగు మీకు కాపలా కాస్తుంది. జిడ్డు మీద వేసిన రంగు మీకు అబద్ధం చెబుతుంది.

కాబట్టి డబ్బా మూత తీసే ముందు వారం రోజుల పని ఉంది. మొదట ఇంజను చల్లగా ఉన్నప్పుడు జిడ్డంతా తుడవండి. ప్యాకింగులు కలిసే ప్రతి అంచు చుట్టూ టాల్కం పౌడర్ పలచగా చల్లండి. అవును, మొహానికి రాసుకునేదే. కదిలే బెల్టుల దగ్గర మాత్రం చల్లకండి. బండి స్టార్ట్ చేసి ఒక రౌండు తిప్పుకుని వచ్చి చూడండి. ఆయిల్ ఎక్కడ చెమ్మగిల్లుతోందో అక్కడ పౌడర్ తడిసి గోధుమ రంగు గీత పడుతుంది. ఆ గీత ఎక్కడ మొదలైందో అదే జబ్బు ఉన్న చోటు, కింద కారి చేరిన చోటు కాదు. ముందు ఆ ప్యాకింగు మార్పించండి. ఇంజను పైన మూతలా ఉండే టాపెట్ కవరు ఎలాగూ విప్పుతారు కాబట్టి దాని ప్యాకింగు కొత్తది కొనే పెట్టుకోండి. ఇంజను మీద ఉండగానే టేపు చుట్టి కొట్టేద్దామనే ఆలోచన రానీయకండి. విప్పి, బల్ల మీద పెట్టి, ఎండలో చూసి వేసిన రంగే రంగు.

మా అమ్మ పుట్టిల్లు కొండపల్లి. చిన్నప్పుడు సెలవులకు వెళ్తే బొమ్మలు చేసే ఇళ్ల ముందు గంటలు గంటలు కూర్చునేవాణ్ణి. తెల్లపొణికి కర్రని ముందు వెచ్చబెట్టి చెమ్మ తీసేవాళ్లు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులు వేసేవాళ్లు. ఆరాక నున్నగా తీర్చేవాళ్లు. తర్వాతెప్పుడో రంగు. అమ్మకానికి నిలబెట్టిన బొమ్మ మీద కళ్లకు కనిపించేది రంగే అయినా, చేసేవాళ్ల రోజులో ఎక్కువ భాగం రంగుకి ముందే గడిచిపోయేది. నా పనిలోనూ అంతే. గన్ను పట్టుకునేది పావుగంట, దానికి ముందు రెండు రోజులు.

ఇనుముకో పద్ధతి, అల్యూమినియానికో పద్ధతి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. మన షెడ్లలో ఇనుప భాగాల జిడ్డు వదిలించడానికి కాస్టిక్ సోడా నీళ్లలో వేసి మరిగిస్తారు. ఇనుముకి అది చేయొచ్చు. మీ టాపెట్ కవరు అల్యూమినియం పోత. కాస్టిక్ అల్యూమినియాన్ని తినేస్తుంది. బుసబుసమని నురగ వస్తుంది, ఆ నురగలో ఉండేది హైడ్రోజన్ వాయువు, నిప్పు తగిలితే అంటుకుంటుంది. పది నిమిషాల్లో కవరు నల్లబడి, ప్యాకింగు కూర్చునే అంచు గుంటలు పడుతుంది. డీజిల్‌తో, పాత పళ్ల బ్రష్‌తో రుద్ది, గిన్నెలు తోమే సబ్బునీళ్లతో రెండుసార్లు కడిగి, వేడినీళ్లు పోసి ఆరబెట్టండి. చివర్లో శుభ్రమైన గుడ్డకి తిన్నరు అద్ది తుడవండి. అదే గుడ్డ మళ్లీ మళ్లీ వాడితే జిడ్డుని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసుకెళ్లడమే అవుతుంది. పోత లోహంలో సన్నని రంధ్రాలుంటాయి, ఏళ్ల తరబడి తాగిన ఆయిల్ అందులో దాక్కుంటుంది. ఒకసారి వెచ్చబెట్టి చూడండి, ఆయిల్ పైకి ఊరితే మళ్లీ కడగండి.

ఇసుకతో కొట్టించుకుంటే తొందరగా అవుతుందని ఎవరో ఒకరు చెబుతారు. టాపెట్ కవరు లోపల ఒక రేకు బిగించి ఉంటుంది, ఆయిల్ తుంపరని ఆపడానికి. దాని వెనక చేరిన ఇసుక రేణువు ఎంత కడిగినా రాదు. ఇంజను వేడెక్కి ఆయిల్ చిమ్మినప్పుడు ఒక్కొక్క రేణువూ దిగి బేరింగులోకి పోతుంది. అందమైన కవరు కోసం ఇంజను పోగొట్టుకున్న కారుని నేను చూశాను. మీరు చేత్తోనే తీయండి. 320 నంబరు వాటర్ పేపరు, తర్వాత 400, ఓపిక ఉంటే 600.

వట్టి అల్యూమినియం మీద మామూలు ప్రైమర్ నిలవదు. లోహాన్ని కొంచెం కొరికి పట్టుకునే ఎచ్ ప్రైమర్ పలచగా వేయాలి. బ్యాటరీ ట్రే లాంటి ఇనుప రేకులకు ఎపాక్సీ ప్రైమర్ మంచిది. రంగు వేసేటప్పుడు అక్కడక్కడా గుండ్రంగా చేపకళ్లలా విచ్చుకుపోయిందంటే, ఆ చుట్టుపక్కల సిలికోన్ ఉందని అర్థం. డాష్‌బోర్డుకు మెరుపు కోసం కొట్టే స్ప్రేలో అదే ఉంటుంది. రంగు పని జరిగే వారం ఆ డబ్బా ఇంటి దరిదాపుల్లోకి కూడా రానీయకండి.

ప్లాస్టిక్ దగ్గర మీ ఎయిర్ ఫిల్టర్ డబ్బాని తిరగేసి చూడండి. లోపలి వైపు చిన్న అక్షరాలు పోతలోనే ఉంటాయి. పీపీ అని ఉంటే పాలీప్రొపిలీన్. దాని మీద మామూలు రంగు తామరాకు మీద నీటిబొట్టే. ప్లాస్టిక్ ప్రైమర్ అని విడిగా అమ్ముతారు, అది ముందు వేయకపోతే నెలలోపు పొలుసుల్లా లేస్తుంది. ఏబీఎస్ అని ఉంటే అదృష్టం, రంగుని బాగా పట్టుకుంటుంది. పీఏ6 అని, పక్కన జీఎఫ్30 అని ఉంటే గాజుపీచు కలిపిన నైలాన్. గీకి, ప్రైమర్ వేస్తే నిలుస్తుంది.

వేడి సంగతి. మీరు తెచ్చిన ఆరు డబ్బాలూ సైకిళ్లకీ గేట్లకీ వేసే మామూలు ఎనామెల్. ఇంజను వేడికి అది మెత్తబడి, పసుపెక్కి, ఆయిల్ తగిలితే ముద్దవుతుంది. టాపెట్ కవరుకి ఇంజన్ ఎనామెల్ అని అడిగి తీసుకోండి, సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దాకా ఓర్చుకుంటుంది. సైలెన్సర్ మానిఫోల్డ్ వేరే లోకం. గట్టిగా తొక్కి నడిపితే 500 డిగ్రీలు దాటిపోతుంది, దానికి సిలికోన్ రెసిన్‌తో చేసిన వేడి రంగు మాత్రమే పనికొస్తుంది. ఆ రంగు గాలికి ఆరినట్టు కనిపిస్తుంది కానీ పండదు. డబ్బా మీద రాసిన ప్రకారం కొంచెం వేడి, చల్లార్పు, ఇంకొంచెం వేడి, చల్లార్పు, ఇలా మెట్లు మెట్లుగా కాల్చాలి. ఒకేసారి వేడి చేస్తే బుడగలొస్తాయి. నన్నడిగితే మానిఫోల్డ్‌కి ఎరుపు వద్దు. నలుపో, పోత ఇనుము రంగో వేసి వదిలేయండి.

పౌడర్ కోటింగ్ చేయించుకోవచ్చా అని మీలో ఒక అబ్బాయి అడిగాడు. ఉతికినా గీకినా పోని పని అది, నిజమే. కానీ 180 నుంచి 200 డిగ్రీల పొయ్యిలో పెడతారు కాబట్టి రబ్బరు, ప్లాస్టిక్ ఏదీ దాని మీద ఉండకూడదు. పొర మందంగా ఉంటుంది కాబట్టి మరలకీ, ప్యాకింగు అంచుకీ, బోల్టు తల కూర్చునే చోటికీ గట్టిగా మాస్కింగ్ అడగండి. బోల్టు కింద రంగు పొర ఉంటే అది వేడికి నలిగి సన్నబడుతుంది, బిగించిన బోల్టు వదులవుతుంది. మళ్లీ ఆయిల్ కారుడు మొదలు.

రంగు ఎక్కడ వేయకూడదో ఇప్పుడు చెబుతాను. ఇది ఇంకొంచెం జాగ్రత్తగా చదవండి.

బ్యాటరీ నుంచి బాడీకి, ఇంజనుకి వెళ్లే ఎర్త్ వైర్లు ఎక్కడ బిగిస్తారో అక్కడ లోహం లోహాన్నే తాకాలి. ఒకసారి ఒక కుర్రాడు లోపలంతా అద్భుతంగా రంగు వేసుకున్నాడు. మర్నాడు పొద్దున సెల్ఫ్ కొడితే బండి టక్ టక్‌మని ఊరుకుంది. బ్యాటరీ మార్చాడు, సెల్ఫ్ మోటారు విప్పించాడు. చివరికి చూస్తే ఎర్త్ బోల్టు కింద మంచి ఎర్ర రంగు, రెండు కోట్లు. అక్కడ గీకి, బిగించి, పైన కొంచెం గ్రీజు రాస్తే సరిపోయింది.

ఫ్యాన్ బెల్టు తిరిగే కప్పీల గాడుల్లో, రబ్బరు గొట్టాల మీద, సెన్సర్ల మీద, వైర్ల సాకెట్ల మీద వేయకండి. రబ్బరు గొట్టానికి రంగు వేస్తే అది పగిలేది మీకు కనిపించదు, మళ్లీ మేష్టారి అంబాసిడర్ కథే. రేడియేటర్ రెక్కల మధ్య రంగు పూడిపోతే గాలి ఆడదు. తప్పదనుకుంటే పలచని నలుపు ఒక్క పొగ పోసినట్టు వేసి ఆపండి. బ్రేక్ ఆయిల్ డబ్బా చుట్టుపక్కల ఏ రంగు వేసినా, ఆ ఆయిల్ ఒలికితే రంగు ఉడికినట్టు ముడతలు పడి ఊడిపోతుంది. ఒలికిన వెంటనే నీళ్లు పోయండి, అది నీళ్లలో కలిసిపోతుంది. తుడుద్దాంలే అని అయిదు నిమిషాలు ఆగితే చాలు, పని చెడుతుంది.

ఇంకొకటి, కొన్ని రంగులు ఫ్యాక్టరీ వాళ్లు ఊరికే పెట్టినవి కావు. చాలా కార్లలో ఆయిల్ గేజి పుల్ల పిడి పసుపు రంగులో ఉంటుంది, చేయి పెట్టాల్సిన చోటు తేలిగ్గా దొరకాలని. బ్యాటరీ పాజిటివ్ వైపు ఎరుపు. ఎయిర్‌బ్యాగ్ వైర్లకు పసుపు. రేపు మీలో ఎవరైనా హైబ్రిడ్డో, ఎలక్ట్రిక్ కారో కొంటే, నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తాయి. ప్రాణం తీసేంత వోల్టేజి అందులో ఉందని చెప్పే రంగు అది. కారు రంగుకి జోడీ కుదరలేదని దాన్ని మార్చడం, పట్టాల పక్కన సిగ్నల్ దీపానికి రంగు మార్చినంత పని. హెచ్చరిక స్టిక్కర్లు కూడా పీకకండి, టేపు వేసి కాపాడండి.

బాడీ రంగు మారిస్తే ఆర్‌సీలో రాయించుకోవాలి. మీరు బాడీ రంగు మార్చడం లేదు కాబట్టి ఆ బాధ లేదు. కానీ ఛాసిస్ నంబరూ, ఇంజను నంబరూ కొట్టిన చోట్లు వెతికి పట్టుకుని ముందే టేపు వేయండి. మీ కారుకి 15 ఏళ్లు ఎప్పుడో నిండాయి. ప్రతి 5 ఏళ్లకూ రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఆర్టీవో ఆఫీసుకి తీసుకెళ్లాలి. అక్కడ కాగితం పెట్టి పెన్సిల్‌తో ఆ అంకెల అచ్చు తీస్తారు. లప్పం, ప్రైమర్, రంగు పూడుకుపోయి అంకెలు తేలకపోతే దొంగబండి అన్నట్టు చూస్తారు. అప్పుడు గీకబోయి అంకె చెరిగితే మరీ ప్రమాదం.

ఇక అసలు రంగు. మా మనవరాలు అన్నీ ఎర్రగా అంది. తల్లీ, నీ మాట కాదంటున్నందుకు ఏమీ అనుకోకు. మంగళగిరి చీర చూశావు కదా, ఒళ్లంతా ఒకే రంగు నిండుగా, అంచు దగ్గర మాత్రం జరీ. ఆ అంచు చీరంతా పాకితే అది అంచు కాదు. బానెట్ కింద టాపెట్ కవరు ఒక్కటీ కారు ఎరుపులో వేయి. ఇంకా కోరిక ఉంటే బ్యాటరీ పట్టీ. ప్లాస్టిక్ అంతా నలుపులోనే ఉండనీ, అల్యూమినియం పైపుల్ని పాలిష్ చేసి దాని రంగులోనే వదిలేయ్. బానెట్ ఎత్తగానే చూపు ఎరుపు దగ్గర ఆగాలి, అది ఆగడానికి చుట్టూ కొంత నిశ్శబ్దం కావాలి.

ఆ ఎరుపు కూడా కోడ్ చెప్పి కలిపించుకుంటే సరిపోదు. ఎరుపంత తొందరగా ఎండకి వెలిసే రంగు తక్కువ. మీ కారు పైకప్పు ఎరుపు వేరు, తలుపు సందులో ఎరుపు వేరు. తలుపు తీసి, రబ్బరు బీడింగ్ కింద చూడండి, కారు పుట్టిన రోజు రంగు అక్కడ ఉంది. బానెట్ లోపల ఫ్యాక్టరీ వాళ్లు చాలా కార్లకు క్లియర్ కోటు పలచగా వేస్తారు, కొన్నిటికి అసలు వేయరు, అందుకని అక్కడ అదే రంగు కొంచెం మబ్బుగా ఉంటుంది. ఈ మూడింటిలో దేనికి కలపాలో మీరే తేల్చుకోవాలి. నేనైతే తలుపు సందులోని ఎరుపుకే కలుపుతాను. రేకు ముక్క మీద ఒక కోటు వేసి, ఆరాక, పొద్దుటి ఎండలో పక్కన పెట్టి చూడండి. ట్యూబులైటు కింద చూసి సరిపోయిందనుకోకండి.

కాలం కూడా చూసుకోవాలి. వానాకాలంలో మన కృష్ణ ఒడ్డు చెమ్మకి పాత నైట్రో సెల్యులోజ్ రంగులు పాలు పోసినట్టు తెల్లబడేవి, తిన్నరు ఆవిరవుతుంటే రేకు చల్లబడి గాలిలో తేమ దాని మీద దిగేది. మే నెలలోనైతే రంగు గన్నులోంచి రేకు చేరేలోపే సగం ఆరి, చేయి వేస్తే ఇసుకలా గరగరలాడుతుంది. సంక్రాంతి దాటాక శివరాత్రి లోపు, పొద్దున ఎనిమిది నుంచి పదకొండు మధ్య. నా బతుకులో మంచి పనులన్నీ ఆ గంటల్లో చేసినవే.

చివరికి అట్టిపెట్టుకున్న మాట ఒకటుంది. నిజానికి ఉత్తరం దానితోనే మొదలు పెట్టాల్సింది.

మా రోజుల్లో మాస్కు అంటే తడి చేతిరుమాలు. సాయంత్రం బెల్లం ముక్క నమిలితే లోపలికి పోయిన రంగంతా పోతుందని పెద్ద మేస్త్రీలు చెప్పారు, మేం నమ్మాం. బెల్లం గొంతులోంచి కడుపులోకి పోతుంది, రంగు పోయింది ఊపిరితిత్తుల్లోకి. పీయూ రంగులొచ్చాక వాటిలో కలిపే హార్డనర్ ఇంకా అన్యాయం. అందులో ఐసోసైనేట్లు ఉంటాయి. వాటికి ఘాటు వాసన ఉండదు, ముక్కు హెచ్చరించదు. చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతాయి. ఒకసారి ఒళ్లు వాటికి ఎదురు తిరగడం మొదలుపెట్టాక, పక్క షెడ్డులో గన్ను ఆడుతున్నా ఆయాసం వచ్చేస్తుంది. నాతో పాటు గన్ను పట్టిన మా బావమరిది నలభై ఆరేళ్లకి పడుకుని నిద్రపోలేని మనిషయ్యాడు. గోడకి ఆనుకుని, కూర్చునే తెల్లవార్లూ గడిపేవాడు. చనిపోయిన రోజు కూడా కూర్చునే ఉన్నాడు. అతని చేతి పని చూసి నేను నేర్చుకున్నాను. అంత సన్నగా, గీత తప్పకుండా కోటు వేసే చేయి మళ్లీ చూడలేదు.

మీరు ఆదివారం తెచ్చిన సంచిలో ఆరు డబ్బాలున్నాయి, మాస్కు ఒక్కటీ లేదు. అది చెప్పబోతుంటేనే నన్ను దగ్గు ఆపింది.

హార్డనర్ కలిపే రంగు ఏదైనా, స్ప్రే డబ్బాలో వచ్చేదైనా సరే, ఇంట్లో కొట్టకండి. బయటి నుంచి గాలి అందించే మాస్కు ఉన్న పెయింట్ బూత్‌లో ఇవ్వండి, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే. మామూలు ఇంజన్ ఎనామెల్ డబ్బాకి కూడా ఆరుబయట, గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి, ఆవిర్లని ఆపే బొగ్గు ఫిల్టర్ల మాస్కు పెట్టుకునే వేయండి. గుడ్డ మాస్కు ధూళిని కొంత ఆపుతుంది, ఆవిరిని ఆపదు. చేతులకి గ్లవ్స్, కళ్లకి అద్దాలు. ఇందులో మొహమాటం వద్దు. మాస్కు లేకుండా వచ్చిన వాళ్లని నేను గేటు దగ్గరే ఆపేస్తాను, నా మనవరాలైనా సరే.

మీ ఆరు డబ్బాలూ ఎండ తగలకుండా మెట్ల కింద పెట్టాను. మా గేటు తుప్పు పట్టింది, వాటిని దానికి వాడుకుందాం. వచ్చే ఆదివారం ఎనిమిదింటికి రండి. డీజిల్, రెండు పాత పళ్ల బ్రష్‌లు, పాత బనీను గుడ్డలు, ఒక టాల్కం పౌడర్ డబ్బా తీసుకురండి. బండి రాత్రంతా ఆగి ఉండాలి, ఇంజను చల్లగా ఉండాలి. ఆ రోజు రంగు ఉండదు. తుడిచి, పౌడర్ చల్లి, బెంజి సర్కిల్ దాకా వెళ్లి వచ్చి బానెట్ ఎత్తి చూస్తాం. నేను ఎక్కువ మాట్లాడలేను కాబట్టి వేలు పెట్టి చూపిస్తాను, మీరు చూడండి.

మీ తాతయ్య